సాంకేతిక పత్రాల వికీ

ఏ కార్యాలయంలోనైనా, ఏ కర్మాగారంలోనైనా పని ఎలా చేయాలో చెప్పే కాగితాలు ఉంటాయి. సర్క్యులర్లు, పటాలు, కొలతల పుస్తకాలు, మరమ్మతు నోట్సులు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే సూచనలు ఈ కోవలోవి. వీటిని ఒకదానితో ఒకటి లంకె పడిన పేజీలుగా మార్చి, పనిచేసేవాళ్లే వెతుక్కునేలా, దిద్దుకునేలా కంప్యూటర్లో నిలిపిన వ్యవస్థే సాంకేతిక పత్రాల వికీ. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఇది చాలాకాలంగా మామూలు పనిముట్టు. తెలుగునాట ప్రభుత్వ కార్యాలయాల్లో దీనికి బాగా దగ్గరగా వచ్చినవి రిజిస్ట్రేషన్, భూమి రికార్డుల కంప్యూటరీకరణలు. స్వచ్ఛందంగా నడిచే తెలుగు వికీపీడియా, వికీసోర్సు ఈ పనికి కావలసిన మెలకువలను తెలుగులోనే తయారుచేసి పెట్టాయి. ఈ రెండు అనుభవాలూ మండల స్థాయిలో ఎక్కడ కలుస్తాయో చూడటానికి అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లోని రావికమతం మండలం మంచి ఉదాహరణ.

పుట్టుక

వికీ అనే ఆలోచన పుట్టిందే ఒక కార్యాలయంలో. అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1980ల చివర్లో టెక్‌ట్రానిక్స్ సంస్థలో పనిచేస్తూ, తమ దగ్గర ఎవరు ఏ ప్రాజెక్టు చేశారో, ఏ ఆలోచన ఎవరి నుంచి ఎవరికి చేరిందో రాసిపెట్టడానికి ఆపిల్ వారి హైపర్‌కార్డ్‌తో ఒక కార్డుల దొంతర తయారుచేశాడు. ఇంకా లేని కార్డుకు లంకె వేస్తే అది ఖాళీగా తెరుచుకునేది, తెలిసినవాళ్లు నింపేవారు. ఇదే పద్ధతిని వెబ్‌కు మార్చి 1995 మార్చి 25న వికీవికీవెబ్‌ను తెరిచాడు. 1998లో వచ్చిన టీవికీ సంస్థల అంతర్గత వాడకాన్ని దృష్టిలో పెట్టుకుంది. 2001లో మొదలైన వికీపీడియా కోసం రాసిన ప్రోగ్రామే మీడియావికీ అయింది. 2004లో ఆట్లాసియన్ సంస్థ కాన్‌ఫ్లుయెన్స్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది ఆండ్రియాస్ గోర్ డోకువికీని ఉచితంగా ఇచ్చాడు. డోకువికీకి డేటాబేస్ అక్కర్లేదు. పేజీలన్నీ మామూలు అక్షరాల ఫైళ్లుగానే ఉంటాయి కాబట్టి, సాఫ్ట్‌వేర్ మూలన పడినా రాసింది మిగులుతుంది. చిన్న కార్యాలయానికి అంతకన్నా పెద్ద హామీ లేదు.

మండలంలో పని కాగితాలు

ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు, సమితులు పోయి మండల వ్యవస్థ 1985లో వచ్చింది. విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న రావికమతం 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. శాసనసభ నియోజకవర్గం చోడవరం. మండలంలో కొంత మైదానం, కొంత తూర్పు కనుమల అంచు. కొత్తకోట, మేడివాడ, దొండపూడి, గొంప వంటి ఊళ్లు ఒకవైపు ఉంటే, చీమలపాడు వైపు కొండల్లో గిరిజన ఆవాసాలు మరోవైపు ఉన్నాయి. కళ్యాణపులోవ జలాశయం ఈ మండలంలోనిదే.

ఇలాంటి మండలంలో తహసీల్దారు, మండల పరిషత్తు కార్యాలయాల దగ్గర నుంచి 33/11 కేవీ సబ్‌స్టేషన్, గ్రామీణ నీటి సరఫరా, నీటిపారుదల, వ్యవసాయ విభాగాల దాకా ప్రతి చోటా సాంకేతిక కాగితాలు ఉంటాయి. రెవెన్యూలో క్షేత్ర కొలతల పుస్తకం ఉంటుంది, దాన్ని అందరూ ఎఫ్‌ఎంబీ అనే అంటారు. ప్రతి సర్వే నంబరు హద్దులూ అందులో గొలుసు, లింకుల లెక్కలో గీసి ఉంటాయి. ఒక గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఈ లెక్క తెలియని కొత్త సర్వేయరుకు ఆ పటం ఉన్నా లేనట్టే. దాని పక్కన సర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు, సాగు వివరాల అడంగల్, హక్కుల రికార్డైన 1బీ ఉంటాయి. సబ్‌స్టేషన్‌లో లాగ్ పుస్తకం, లైన్ క్లియర్ పుస్తకం, ఫీడర్ల బొమ్మ ఉంటాయి. జలాశయం దగ్గర నీటిమట్టం రాసే రిజిస్టరు, గేట్ల మరమ్మతు నోట్సు ఉంటాయి. నీటి సరఫరాలో ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్లు వెళ్తాయన్నది చాలాచోట్ల కాగితం మీద లేదు, పంపు ఆపరేటరుకే తెలుసు.

వికీకి అసలైన పూర్వరూపం కూడా ఈ కార్యాలయాల్లోనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి నడుస్తున్న టాటెన్‌హామ్ పద్ధతిలో ప్రతి సెక్షన్ గుమస్తా ఒక స్టాకు ఫైలు ఉంచుకోవాలి. ఒక విషయం మీద వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులు, సర్క్యులర్లు, వివరణలు అన్నీ అందులో వరసగా చేరతాయి. సీటు మారినప్పుడు కొత్త గుమస్తా మొదట చదవాల్సింది అదే. అలాంటి స్టాకు ఫైలు బాగా ఉన్న సెక్షన్‌లో పని పరుగెత్తుతుంది. అయితే అది ఒక బీరువాలోనే ఉంటుంది, కొత్త ఉత్తర్వు వచ్చినప్పుడు పాతది రద్దయిందని ఎవరూ అంచున రాయకపోతే రెండూ చెల్లుబాటులో ఉన్నట్టే కనిపిస్తాయి. సాంకేతిక పత్రాల వికీని కార్యాలయంలో పరిచయం చేయాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు. పది మంది ఒకేసారి తెరవగలిగే, రద్దయిన మాట పక్కనే రద్దు తేదీ కనిపించే స్టాకు ఫైలు అంటే ఏ గుమస్తాకైనా అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ కార్యాలయాల్లో వాడే ఈ-ఆఫీసు వేరు, ఇది వేరు. ఈ-ఆఫీసు ఒక దరఖాస్తు ఎవరి దగ్గరికి వెళ్లింది, ఏం నిర్ణయించారు అన్నది చూపిస్తుంది. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఏం తెలిసి ఉండాలో వికీ పేజీ చెబుతుంది. ఈ రెండిటినీ ఒకటే అనుకుని, ఫైళ్లన్నీ కంప్యూటరెక్కాయి కాబట్టి జ్ఞానమూ ఎక్కేసిందనుకోవడం పెద్ద పొరపాటు.

1984 అనుభవం

పని తెలివి అంతా ఒకే మనిషి దగ్గర ఉంటే ఏమవుతుందో తెలుగు గ్రామాలు ఒకసారి గట్టిగా చూశాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. కోస్తాలో కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేళ్లు, పట్వారీలు పోయారు. కులం, వంశం ఆధారంగా నడిచిన ఆ అధికారం పోవలసిందే, అందులో సందేహం లేదు. కానీ తరతరాలుగా గ్రామ లెక్కలు కరణం ఇంట్లోనే ఉండేవి. పుస్తకాలను ప్రభుత్వానికి అప్పగించవచ్చు. ఏ కాలువ ఏ సంవత్సరం వరదలో దారి మార్చింది, ఏ రెండు సర్వే నంబర్ల మధ్య గట్టు కాగితం మీద ఒకచోట, నేల మీద మరోచోట ఉంది అన్నవి ఆ పుస్తకాల్లో లేవు. కొత్తగా వచ్చిన ఉద్యోగులు వాటిని మళ్లీ మొదటి నుంచి ఊళ్లో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

కర్మాగారాల్లో ఇదే పరిస్థితి పదవీ విరమణ రూపంలో వస్తుంది. చక్కెర కర్మాగారంలో క్రషింగ్ నడిచేది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలంలో మిల్లును విప్పి ఓవర్‌హాలింగ్ చేస్తారు. ఏ బేరింగు కింద ఎంత మందం రేకు పెడితే రోలరు సరిగ్గా కూర్చుంటుందో కంపెనీ మాన్యువల్లో ఉండదు, ఫిట్టరుకు తెలుస్తుంది. ఈ ప్రాంతానికి దగ్గర్లోని గోవాడ సహకార చక్కెర కర్మాగారం లాంటి చోట్ల అలాంటి ఫిట్టర్లు ఒక తరమంతా పనిచేశారు. వాళ్లు చెబుతుండగా ఎవరో ఒకరు రాసుకోవాలి. వికీ వల్ల అన్నిటికన్నా ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే, ఎక్కువ నిర్లక్ష్యమూ ఇక్కడే.

కాగితం నుంచి అక్షరాల్లోకి

తరలింపు అనగానే అందరూ స్కానర్ కొంటారు. స్కాన్ చేసిన పేజీ బొమ్మ మాత్రమే. కంప్యూటరు దాన్ని చదవలేదు కాబట్టి వెతకలేదు. సంతకం పెట్టి స్కాన్ చేసి వెబ్‌లో పెట్టిన ఉత్తర్వుల్లో ఒక పదం వెతికితే ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే.

అక్షరాలు ఉన్నా తెలుగులో ఇంకో అడ్డంకి ఉంది. రెండు దశాబ్దాల పాటు తెలుగు కార్యాలయ పత్రాలు ఎక్కువగా అను, శ్రీలిపి వంటి ఖతులలో డీటీపీ చేశారు. అవి యూనికోడ్ పద్ధతివి కావు. ఒక తెలుగు అక్షరాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో ఇంగ్లీషు గుర్తు స్థానంలో పెడతాయి. తలకట్టు ఒకచోట, ఒత్తు మరోచోట ఉంటాయి. ఆ ఖతి లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. వికీలోకి అలాగే అతికిస్తే వెతకడం అసాధ్యం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి రావడం, పోతన, వేమన వంటి ఉచిత ఖతులు అందుబాటులోకి రావడంతో వాడకం పెరిగింది. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టిన వెన్న నాగార్జునే పద్మ అనే మార్పిడి పరికరాన్ని కూడా తయారుచేశాడు. పాత ఖతుల్లో ఉన్న పత్రికల పేజీలను అది యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. కార్యాలయాలకు ఈనాటికీ కావలసింది అలాంటి మార్పిడే. మార్చాక ఒక మనిషి చదివి తీరాలి. ఒత్తుల వరస తారుమారైతే పేరు మారిపోతుంది, పేరు మారితే భూమి యజమాని మారిపోయినట్టు కనిపిస్తుంది.

అచ్చు కాగితాలకు అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. టెసెరాక్ట్ తెలుగును చదువుతుంది, గూగుల్ సేవ ఇంకా బాగా చదువుతుంది. స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ చేసిన పాత సర్క్యులర్ల దగ్గర, చేతిరాత రిజిస్టర్ల దగ్గర అవి చేతులెత్తేస్తాయి. అక్కడ టైపు చేయడం తప్ప దారి లేదు. ఈ పనికి తెలుగు వికీసోర్సు పద్ధతి ఆదర్శం. తెర మీద ఒక పక్క పేజీ బొమ్మ, ఇంకో పక్క టైపు చేసిన పాఠం ఉంటాయి. ఒకరు అచ్చుదిద్దితే పేజీ పసుపు రంగులోకి మారుతుంది. మరొకరు, తప్పనిసరిగా వేరే మనిషి, మళ్లీ పోల్చి చూసి ఒప్పుకుంటేనే ఆకుపచ్చ అవుతుంది. కొలతలు, వోల్టేజీలు, మందుల మోతాదులు ఉన్న పత్రాలకు ఈ రెండో కన్ను లేకుండా వికీలో చోటు ఇవ్వకూడదు.

అన్నిటినీ మార్చాలనుకోవడం కూడా తప్పే. గత ఏడాదిలో ఎవరైనా తెరిచిన కాగితాలు ఏవో చూస్తే బీరువాలో చిన్న భాగమే బయటికి వస్తుంది. వాటితో మొదలుపెట్టాలి. పేజీని ఫైలు పేరుతో కాకుండా, వెతికే మనిషి అడిగే ప్రశ్నతో విడగొట్టాలి. ‘జలాశయ నిర్వహణ మాన్యువల్’ అని నూరు పుటల పేజీ ఒకటి పెడితే ఎవరూ చదవరు. ‘తూము గేటు ఇరుక్కుపోతే ఏం చేయాలి’ అనే చిన్న పేజీని అర్ధరాత్రి వానలో కూడా తెరుస్తారు.

తెలుగులో వెతుకులాట

వికీ విలువ అంతా వెతుకు పెట్టె దగ్గర తేలుతుంది. వెతికే యంత్రం ముందుగానే ప్రతి పదానికీ అది ఏ పేజీల్లో ఉందో పట్టిక కట్టుకుంటుంది. అడిగిన పదం ఆ పట్టికలో అదే రూపంలో ఉంటే దొరుకుతుంది, లేకపోతే లేదు. ఇంగ్లీషులో ఒక మాటకు రెండు మూడు రూపాలు ఉంటే, తెలుగులో రూపాల సంఖ్యకు అంతు లేదు. రావికమతం, రావికమతంలో, రావికమతానికి, రావికమతపు, రావికమతంలోని అన్నీ యంత్రానికి వేర్వేరు మాటలు. ‘రావికమతానికి’లో సున్న పోయి దీర్ఘం వచ్చింది కాబట్టి, చివరి అక్షరాలు కత్తిరించి చూసే మొరటు పద్ధతి కూడా పనిచేయదు. ఊరు ఊళ్లవుతుంది, ఇల్లు ఇళ్లవుతుంది, గేటు గేట్లవుతుంది. ఈ మార్పులు తెలిసిన తెలుగు విశ్లేషకం లేకుండా వెతుకు పెట్టె పెడితే మొదటి వారంలోనే జనం దాన్ని వదిలేస్తారు. చాలా వికీల వెనక పనిచేసే లూసీన్ అనే వెతుకు గ్రంథాలయంలో ఇతర భాషలకు ఎంతో ముందే విశ్లేషకాలు ఉన్నా, తెలుగుకు ఆలస్యంగా చేరింది.

కంటికి కనిపించని తేడాలు ఇంకా ఇబ్బంది పెడతాయి. ‘ట్రాన్స్‌ఫార్మర్’ అని రాసేటప్పుడు ‘న్స్’ కింద ‘ఫ’ వత్తుగా పడిపోకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు వేస్తారు. అది వేసిన మాట, వేయని మాట యంత్రానికి వేర్వేరు. ఇన్‌స్పెక్టర్, ఇన్స్పెక్టర్, ఇనస్పెక్టరు అనే మూడు రూపాలూ ఒకే కార్యాలయ పత్రాల్లో కనిపిస్తాయి. ‘ై’ గుణింతాన్ని ఒకే గుర్తుగానూ నిల్వ చేయవచ్చు, రెండు గుర్తుల జంటగానూ చేయవచ్చు. దరఖాస్తును ధరఖాస్తు అని, అర్థాన్ని అర్ధం అని రాసేవాళ్లు కోకొల్లలు. వీటిలో యంత్రం తనంతట తాను సరిచేయగలిగినవి పట్టిక కట్టేటప్పుడే సరిచేయాలి: అదృశ్య గుర్తులను తీసేయాలి, జంట గుర్తులను ఏకం చేయాలి, తెలుగు అంకెలను మామూలు అంకెలతో సమానం చేయాలి. రాసేవాళ్లను తిట్టి లాభం లేదు.

అంతకన్నా లోతైన సమస్య మాటల ఎంపిక. ప్రభుత్వ పత్రం ‘వాగు’ అంటుంది, ఉత్తరాంధ్రలో రైతు ‘గెడ్డ’ అంటాడు. పుస్తకంలో తూము, పొలంలో మదుము. నీటిపారుదల శాఖ కాగితంలో వర్క్ ఇన్‌స్పెక్టరు కింద పనిచేసే మనిషిని ఊళ్లో లష్కరు అంటారు, దాన్నే లస్కరు అని కూడా రాస్తారు. విద్యుత్ శాఖ ‘సరఫరా అంతరాయం’ అని రాస్తే ఫోను చేసే మనిషి ‘కరెంటు పోయింది’ అంటాడు. వికీలో వాడిన మాట, వెతికేవాళ్ల నోటి మాట ఒకటి కాకపోతే పత్రం ఉండీ లేనట్టే. దీనికి వికీలో ఉన్న మందు దారిమార్పు పేజీ. ‘మదుము’ అని వెతికితే నేరుగా ‘తూము’ పేజీకి చేరుస్తుంది. ఈ దారిమార్పులు ఎవరో కూర్చుని ఊహించి రాయనక్కర్లేదు. ఏ వెతుకులాటలు ఖాళీగా తిరిగివచ్చాయో నమోదు చేసేలా వికీని అమర్చుకోవాలి. నెలకోసారి ఆ జాబితా చదివి, ఒక్కో మాటకు దారిమార్పు వేస్తూ పోతే మండలం మాట్లాడే తెలుగు మెల్లగా వికీలోకి వస్తుంది. ఈ పనికి కంప్యూటరు నిపుణుడు అక్కర్లేదు, ఊరి భాష తెలిసిన గుమస్తా చాలు.

ఊళ్ల పేర్ల విషయంలో తెలుగు వికీపీడియా ఇప్పటికే ఒక మర్యాద ఏర్పరచింది. ఒకే పేరుతో పలు ఊళ్లు ఉంటే పక్కన మండలం పేరు చేర్చి వేరుచేస్తారు. కొత్తకోట రావికమతం మండలంలోనూ ఉంది, వనపర్తి జిల్లాలోనూ ఉంది. విడిగా రాసినా, కలిపి రాసినా, ‘క్రొత్తకోట’ అని పాతగా రాసినా ఒకే పేజీకి చేరాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రావికమతం పేరును కనీసం రెండు మూడు రకాలుగా రాస్తారు కాబట్టి ఆ రూపాలన్నీ కూడా దారిమార్పులే కావాలి.

సర్వే నంబర్లు మారినప్పుడు

పేర్ల కన్నా అంకెలు నమ్మదగినవి అనుకుంటాం. 125/2ఎ అని ఒకచోట, 125-2ఎ అని మరోచోట, 125/2అ అని ఇంకోచోట రాస్తే మూడూ వేర్వేరు పొలాలైపోతాయి. వికీలో పేజీకి పేరు పెట్టేముందే అంకెలు రాసే తీరును తేల్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వే ఈ సమస్యను పెద్దది చేసింది. డ్రోన్లు, ఉపగ్రహ ఆధారిత స్థాన నిర్ణయ కేంద్రాలతో పొలాలను కొత్తగా కొలిచి, రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు ఇచ్చారు. అయితే రైతు దగ్గర ఉన్న దస్తావేజు, బ్యాంకులో కుదువ కాగితం, కోర్టు తీర్పు, తాత రాయించిన వీలునామా అన్నీ పాత నంబరునే చెబుతాయి. పాత నంబరు నుంచి కొత్త నంబరుకు, కొత్త దాని నుంచి పాతదానికి రెండు వైపులా దారి లేకపోతే రీసర్వే ఎంత కచ్చితంగా జరిగినా సామాన్యుడికి తన పొలం కనిపించదు. వికీ పరిభాషలో చెప్పాలంటే పేజీ పేరు మార్చినప్పుడు పాత పేరును చెరపకూడదు, దారిమార్పుగా మిగల్చాలి. ఏ సాంకేతిక పత్రాల తరలింపులోనైనా ఇది మొదటి నియమం కావాలి. యంత్రం భాగానికి కొత్త నంబరు వచ్చినా, సబ్‌స్టేషన్ ఫీడరుకు కొత్త పేరు పెట్టినా పాతది వెతికేవాళ్లు ఏళ్ల తరబడి ఉంటారు.

రిజిస్ట్రేషన్ శాఖ దీనికి ముందే దారి చూపింది. కార్డ్ అనే సంక్షిప్త నామంతో 1998 నవంబరు 4న మొదలైన కంప్యూటరీకరణకు ముందు, ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం (ఈసీ) కావాలంటే గుమస్తా పేర్ల సూచికను, ఆస్తుల సూచికను ఏడాదికో సంపుటం చొప్పున తిరగేసేవాడు. రోజులు పట్టిన పని నిమిషాలకు తగ్గింది. అక్కడ గెలిచింది కంప్యూటరు కన్నా ఆ సూచికలే. బ్రిటిషు కాలం నుంచి పద్ధతిగా రాస్తూ వచ్చిన సూచికలు ఉన్నాయి కాబట్టి ఎక్కించడానికి ఏదో ఒకటి దొరికింది.

దిద్దే అధికారం

వెతికే వీలు ఇచ్చి దిద్దే వీలు ఇవ్వకపోతే తప్పు అందరికీ కనిపిస్తుంది, ఎవరూ సరిచేయలేరు. తెలంగాణలో 2020 అక్టోబరులో ప్రారంభమైన భూమి రికార్డుల పోర్టల్ ధరణి చుట్టూ సాగిన వివాదంలో పెద్ద భాగం ఇదే. ఆ ఏడాది తెచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను తొలగించింది. పేరులోనో విస్తీర్ణంలోనో తప్పు పడితే దగ్గరలోని తహసీల్దారు స్థాయిలో సరిచేసుకునే దారి ఇరుకైపోయింది. 2025 ఏప్రిల్ 14న ప్రారంభించిన భూభారతి వ్యవస్థలో అప్పీలు అంచెలను తిరిగి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి ఉన్న మీభూమి వెబ్‌సైటులో ఎవరైనా అడంగల్, 1బీ చూడవచ్చు. సవరణకు దరఖాస్తు మార్గం వేరే ఉంది. హక్కుల రికార్డుకు ఇది సహజమే. ఎవరు పడితే వారు భూమి పేరు మార్చడం కుదరదు.

అందుకే పత్రాన్ని బట్టి దిద్దే అధికారం మారాలి. హక్కులను నిర్ణయించే రికార్డు తాళం వేసి ఉండాలి. దాని చర్చా పేజీ మాత్రం తెరిచి ఉండాలి, ‘ఈ పటంలో ఉత్తరం హద్దు తప్పు’ అని సర్వేయరు రాయగలగాలి. భద్రతా సూచనలు కూడా తాళంలోనే ఉండాలి. లైను మీద పనిచేసేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుంటాడు, ఏబీ స్విచ్ తెరుస్తాడు, ఎర్తింగ్ వేస్తాడు. ఈ వరసను వికీలో ఎవరో మంచి ఉద్దేశంతోనే మార్చి, ఒక మెట్టు ఎగరగొడితే ప్రాణం పోతుంది. అలాంటి పేజీని అధీకృత ఇంజినీరు ఒప్పుకున్నాకే మార్చాలి. మిగిలిన పేజీలు, అంటే ఏ పరికరం ఎక్కడ దొరుకుతుంది, ఏ వాల్వు బిగుసుకుపోయింది, ఏ దారిలో వానాకాలం జీపు వెళ్లదు అన్నవి, పనిచేసే ప్రతి మనిషీ దిద్దగలగాలి. వికీ ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో చరిత్రలో ఉంచుతుంది, తప్పైతే ఒక్క నొక్కుతో పాతది తిరిగి వస్తుంది. ఆ చరిత్రే ధైర్యం.

ఇలా పనిచేసేవాళ్లే దిద్దే పేజీల విలువ విపత్తు రోజున తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకాక కరెంటు పునరుద్ధరణకు బయటి జిల్లాల నుంచి సిబ్బంది వచ్చారు. స్తంభాలు ఎత్తడం వాళ్లకు తెలుసు. ఏ ఫీడరు ఏ ఊళ్లకు వెళ్తుందో స్థానిక లైన్‌మన్ చెప్పాలి. అలాంటి రోజున స్థానికుడి తల్లో ఉన్న పటం పేజీ మీద ఉంటే, కొత్తవాడి చేతికీ అందుతుంది.

నిల్వ, గోప్యత

టాటెన్‌హామ్ పద్ధతిలో ఫైలు మూసేటప్పుడే అది ఎంతకాలం ఉండాలో రాస్తారు. ఎల్‌డిస్ ఏడాదికి పోతుంది, డీడిస్ పదేళ్లు ఉంటుంది, ఆర్‌డిస్ శాశ్వతం. వికీ పేజీలకూ ఇలాంటి గడువు ఉండాలి. గడువు తీరాక పేజీ చెరిగిపోనక్కర్లేదు, ‘ఎవరైనా మళ్లీ చూసి సరేననాలి’ అన్న గుర్తు పైన కనిపిస్తే చాలు. ఏ పేజీకి ఎవరు బాధ్యులో పేరుతో కాక పదవితో రాయాలి. బదిలీ అయిన మనిషి పేరు ఉన్న పేజీ దిక్కులేనిదే.

సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులను సూచికలతో క్రమంలో ఉంచి, వీలైనవాటిని కంప్యూటరీకరించాలని చెబుతుంది. విధి నిర్వహణకు వాడే నియమాలు, మాన్యువళ్లను ప్రకటించాలని కూడా అంటుంది. అందువల్ల సాంకేతిక పత్రాల వికీలో పెద్ద భాగం ప్రజలకు కూడా తెరిచి ఉండవచ్చు. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, వ్యక్తుల రోగ వివరాలు మాత్రం వికీలోకి రాకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని మర్యాదను దాటి చట్టబద్ధ బాధ్యతగా చేస్తుంది. స్కాన్ చేసిన పాత రిజిస్టర్లలో ఇవి ఎక్కడో మధ్య పుటల్లో దాగి ఉంటాయి కాబట్టి ఎక్కించేముందే చూసుకోవాలి.

నెట్ అందని చోట

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలతో ఊళ్లలోనే సర్వేయరు, ఇంజినీరింగ్, వ్యవసాయ సహాయకులు, లైన్‌మన్లు ఉండే పరిస్థితి వచ్చింది. వీళ్లలో ఎక్కువమంది అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, ఫోను బాగా వాడేవారు. వికీని మొదట వాడేదీ, వదిలేస్తే మొదట వదిలేసేదీ వీళ్లే. చీమలపాడు పంచాయతీ కొండల్లోని ఆవాసాలలో సరైన రోడ్డే లేనిచోట నిలకడైన నెట్ ఆశించలేం. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం వికీని ఒకే ఫైలుగా ఫోనులో దాచి, నెట్ లేకుండానే వెతకనిస్తుంది. తెలుగు వికీపీడియాను అలా చదువుకోవచ్చు. మీడియావికీలో ఉన్న కార్యాలయ వికీని కూడా అదే రూపంలోకి మార్చవచ్చు.

కొన్ని పేజీలను అచ్చు వేసి గోడకు అంటించడం కూడా తప్పదు. సబ్‌స్టేషన్‌లో కరెంటు పోయినప్పుడు చూడాల్సిన పేజీ కంప్యూటర్లో మాత్రమే ఉంటే దానికి అర్థం లేదు. అచ్చు వేసిన ప్రతి కాగితం మీద అది ఏ తేదీ నాటి కూర్పో, వికీలో ఏ పేజీ నుంచి తీసిందో ముద్రించాలి. గోడ మీది కాగితం పెన్నుతో దిద్దితే ఆ దిద్దుబాటు వారం లోపల వికీలోకి చేరాలి. ఆ పని ఏ పదవిలో ఉన్నవారు చేయాలో కాగితం అడుగున రాసి ఉండాలి.